కన్ను తెల్లగా ఉంటే చాలదు

పిల్లలూ,

మీ ఇంట్లో చంటిపిల్లవాడు పడినప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. ఎత్తుకుని, "ఈ గడపేగా నిన్ను పడేసింది? ఉండు, దీని పని చెబుతాను" అంటూ గడపను రెండు దెబ్బలు కొడతారు. పిల్లవాడు ఏడుపు ఆపి గడప వంక చూస్తాడు. సంగతి అంతటితో ముగుస్తుంది. గడప తరవాత దెబ్బ ఎవరికి పడుతుందో కూడా మీకు తెలుసు. పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండమని ఎవరికి అప్పగించారో వాళ్ళకి. చాలా ఇళ్ళలో ఆ మనిషి మీరే.

ఆ రెండో దెబ్బ గురించీ, దానివల్ల ఒక్కొక్కసారి ఓ పసివాడి కంటికి జరిగే నష్టం గురించీ రాద్దామని కూర్చున్నాను. అక్క వీపుమీద పడే దెబ్బకూ తమ్ముడి కంటికీ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను. ఉంది.

కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో ప్లాస్టిక్ పుర్రెను బల్లమీద పెట్టి ఎముకల గురించి చెబుతున్నాను. గంట కొట్టారు. అందరూ బయటికి పరుగెత్తారు. ఒకమ్మాయి మాత్రం బల్ల దగ్గరే నిలబడి పుర్రెలో కంటి గుంత వంక చూస్తోంది. "ఏమ్మా?" అన్నాను.

"సార్, కన్ను పైకి చూడకపోతే ఏమవుతుంది సార్?"

"ఎవరి కన్నమ్మా?"

జవాబు లేదు. కాసేపటికి కళ్ళనీళ్ళు పెట్టుకుని మొత్తం చెప్పింది. తమ్ముడికి ఏడేళ్ళు, రెండో తరగతి. ముందురోజు సాయంత్రం వీధి కుళాయి దగ్గర చప్టా మీద జారిపడ్డాడు. గట్టు అంచు కుడికంటి కింద కొట్టుకుంది. రక్తం రాలేదు. కన్ను ఎర్రబడలేదు. కొంచెం కమిలిందేమో, అంతే. రాత్రి మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. ముద్ద ముట్టలేదు. మగతగా పడుకున్నాడు. పొద్దున్న ఈ పిల్ల వాడికి గోడమీది బల్లిని చూపిస్తే తల మొత్తం ఎత్తి చూశాడట, కుడికన్ను పైకి తిరగలేదట. ఇంట్లో వాళ్ళేమో ఎండలో తిరిగి పైత్యం చేసిందనుకుని, ఊళ్ళోని వైద్యుడి దగ్గర వాంతుల మాత్ర తెచ్చి వేశారు. పడ్డాడన్న సంగతే ఇంట్లో తెలియదు. తమ్ముణ్ణి కుళాయి దగ్గర వదిలి తాను తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి వెళ్ళినట్టు తెలిస్తే వీపు చిట్లుతుందని ఈ పిల్ల నోరు మెదపలేదు. "నువ్వూ చెప్పకురా" అని వాడి చేత ఒట్టు కూడా వేయించుకుంది.

ఆ కుర్రవాడి కంటికి ఏమైందో తెలియాలంటే ముందు కంటిగూడు ఎలా ఉంటుందో చూడాలి. మీ చూపుడువేలితో కనుబొమ మీద మెల్లగా తడమండి. గట్టి ఎముక తగులుతుంది. అక్కణ్ణుంచి కంటి బయటి కొసమీదుగా కిందికి, బుగ్గమీదికి, మళ్ళీ ముక్కు పక్కకు రండి. కన్ను చుట్టూ ఎముక చట్రం ఉన్నట్టు తెలుస్తుంది. కన్నును మాత్రం నొక్కకండి. ఎందుకో తరవాత చెబుతాను. ఈ చట్రం లోపల, వెనక్కి పోయినకొద్దీ సన్నబడే గది ఒకటుంది. దాన్నే కంటిగూడు అంటాం. శాస్త్ర గ్రంథాలలో నేత్రకోటరం అని రాస్తారు, డాక్టర్లు ఆర్బిట్ అంటారు. ఒక్కొక్క గూటినీ ఏడు ఎముకలు కలిసి కట్టాయి. పెద్దవాళ్ళలో ఆ గది సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో కనుగుడ్డు ఆక్రమించేది 7 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలిన చోటంతా కొవ్వు, రక్తనాళాలు, నాడులు, కన్నును తిప్పే ఆరు కండరాలు. వెనక చివర ఉన్న సన్నటి దారిలోంచి దృక్‌నాడి మెదడుకు వెళుతుంది.

ఈ గదికి ముందున్న చట్రం ఎంత గట్టిదో, లోపలి గోడలు అంత పలుచన. ముక్కువైపు గోడకు శరీరశాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరుకు కాగితపు పలక అని అర్థం. నేల కూడా అంతే. చాలాచోట్ల అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మేడ ఇల్లు ఒకటి ఊహించుకోండి. పైవాటాలో మెదడు కాపురం ఉంటుంది. కిందివాటాలో కన్ను. పైవాళ్ళకు నేల, కిందివాళ్ళకు కప్పు ఒకటే శ్లాబు. కన్ను ఉన్న వాటాకు కింద, బుగ్గ ఎముకలో, ఖాళీ గాలిగది ఒకటుంది. జలుబు చేసినప్పుడు బరువెక్కే సైనస్ అదే.

ఇప్పుడు చిన్న ప్రయోగం చేద్దాం. ఎండిన వేపపుల్ల ఒకటి, చెట్టునుంచి అప్పుడే తుంచిన పచ్చి వేపపుల్ల ఒకటి తీసుకుని రెంటినీ వంచండి. ఎండుపుల్ల టప్పున రెండు ముక్కలవుతుంది. పచ్చిపుల్ల వంగుతుంది, ఒక పక్క చీలుతుంది, రెండో పక్క నార వదలదు. మీరు చెయ్యి తీసేస్తే మళ్ళీ చాలావరకు నిటారుగా లేస్తుంది. పెద్దల ఎముక ఎండుపుల్లలాంటిది, మీ వయసువాళ్ళదీ మీ తమ్ముళ్ళదీ పచ్చిపుల్ల. "చిన్నపిల్లల ఎముకలు లేతవి, అతుక్కుపోతాయిలే" అని మన ఇళ్ళలో ధైర్యం చెప్పుకుంటారు. మాట నిజమే. ఆ లేతదనమే ఒక్కోసారి ప్రమాదం తెచ్చిపెడుతుందని మాత్రం ఎవరూ చెప్పరు.

పాత శుభలేఖ అట్ట ఒకటి తీసుకోండి. నడుమ చిన్న చదరం గీసి మూడు వైపులా కోసి, నాలుగో వైపు వదిలేయండి. చిన్న తలుపు తయారైంది కదా? వేలితో దాన్ని కిందికి తోసి, ఆ సందులోకి రుమాలు కొస దూర్చి, వేలు తీసేయండి. తలుపు తిరిగి లేచి రుమాలును పట్టేసుకుంటుంది. పైకి లాగితే రుమాలు రాదు, అట్ట అంచుకు నలుగుతుంది. ఎలుకబోను పని చేసే తీరు కూడా దాదాపు ఇదే.

ఆ కుర్రవాడి కంటిగూటి నేలలో జరిగింది అదే. దెబ్బ తగిలిన క్షణంలో గూటిలోని ఒత్తిడికి పలుచని నేల చీలి తలుపులా కిందికి తెరుచుకుంది. కనుగుడ్డు అడుగున ఉన్న కండరం కొంత, కొవ్వు కొంత ఆ సందులోకి జారాయి. పచ్చి ఎముక కనుక వెంటనే పైకి లేచి మూసుకుంది. కండరం బోనులో పడింది. కన్నును పైకి తిప్పాలంటే అడుగున ఉన్న కండరం సాగాలి. అది ఇరుక్కుపోయింది కనుక కన్ను పైకి తిరగదు. పెద్దవాళ్ళయితే అదే దెబ్బకు నేల ముక్కలై గాలిగదిలోకి రాలిపోతుంది. రక్తం గడ్డకడుతుంది, కన్ను వాచి నల్లబడుతుంది. చూస్తేనే భయం వేస్తుంది, పరుగున ఆస్పత్రికి వెళతారు. పిల్లల్లో రక్తం కారదు, వాపు ఉండదు, కంటి తెలుపు తెల్లగానే ఉంటుంది. కంటిగూటి నేల ఇలా బద్దలవడాన్ని 1957లో స్మిత్, రీగన్ అనే అమెరికన్ వైద్యులు వివరించారు. పిల్లల్లో కనిపించే ఈ మోసకారి రకానికి తెల్లకన్ను దెబ్బ అనే అర్థం వచ్చే పేరు 1998లో వచ్చింది. అంటే వైద్యులకు కూడా ఇది విడిగా పేరు పెట్టి చెప్పుకోవలసినంత మోసం చేసిందన్నమాట.

మరి వాంతులెందుకు? ఇది ఇంకా చిత్రం. కంటి కండరం పట్టి లాగినట్టయితే ఆ సమాచారం త్రిధార నాడి ద్వారా మెదడు అడుగుభాగానికి చేరుతుంది. అక్కణ్ణుంచి వేగస్ నాడి గుండెకూ కడుపుకూ ఆజ్ఞ మోసుకువెళుతుంది. గుండె నెమ్మదిస్తుంది, కడుపు తిప్పుతుంది, ఒక్కోసారి కళ్ళు తిరిగి పడిపోతారు. 1908లో వియన్నాలో ఆష్నర్, ఇటలీలో డాగ్నీని అనే ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని గుర్తించారు. కంటి ఆపరేషన్ జరిగేటప్పుడు మత్తు డాక్టరు రోగి నాడిని అంత జాగ్రత్తగా కనిపెట్టి ఉండడానికి ఇదొక కారణం. కనుగుడ్డు నొక్కినా ఇదే జరుగుతుంది కనుకనే కన్ను నొక్కకండి అన్నాను. తెలిసింది కదా అని ఎవరిమీదా ప్రయోగం చేయకండి.

ఇప్పుడు చూడండి. పిల్లవాడు వాంతులు చేసుకుంటున్నాడు, మగతగా ఉన్నాడు, నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. కన్ను తెల్లగా ఉంది. పడ్డాడని చెబితే డాక్టరు మెదడు అదిరిందేమోనని చూస్తారు, అది సబబే. పడ్డాడనే చెప్పకపోతే పైత్యమంటారు. పడ్డాడనీ, కంటి కింద తగిలిందనీ, కన్ను పైకి తిరగడం లేదనీ మూడూ చెబితే తప్ప కంటిగూటి వైపు ఆలోచన పోవడం కష్టం. మామూలు ఎక్స్-రేలో ఈ చీలిక కనిపించకపోవచ్చు. సి.టి. స్కాన్‌లో కూడా, ప్రత్యేకించి కంటిగూళ్ళను చూడకపోతే, సన్నటి గీత తప్పిపోవచ్చు. ఈలోగా బోనులో చిక్కిన కండరానికి రక్తం అందదు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి విడిపించాలని వైద్యులు తొందరపడేది అందుకే. ఆలస్యమైతే ఆ కండరం మచ్చకట్టి బిగుసుకుపోతుంది. ఆ తరవాత ఎముక అతికినా కన్ను సరిగా తిరగదు, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది.

ఇది బడి వయసు పిల్లల సంగతి. నడక నేర్చే పసివాళ్ళలో దెబ్బ నేలకు కాదు, కప్పుకు తగులుతుంది. ఎందుకంటారా? పుట్టిన బిడ్డ పొడుగులో తలే నాలుగోవంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది సుమారు ఎనిమిదో వంతు. ముఖం చూస్తే చిన్నది, కపాలం పెద్దది. పుట్టినప్పుడు ముఖంకన్నా కపాలం ఎనిమిది రెట్లు ఉంటుందని లెక్క కట్టారు. బరువంతా పైన ఉన్న బొమ్మ ఎటు పడుతుంది? తలకిందులుగానే. అందుకే పసివాడు పడితే ముందుగా నుదురు తగులుతుంది. పెద్దల నుదుటి ఎముకలో కనుబొమల వెనక గాలిగది ఒకటుంటుంది. ఇంటి ముందు వసారాలాగ అది నలిగి దెబ్బను కొంత ఆపుకుంటుంది. పిల్లల్లో ఆ వసారా ఇంకా కట్టలేదు. ఎక్స్-రేలో కనిపించేంతగా అది పెరిగేది ఆరేడేళ్ళ తరవాతనే. నుదుటికి తగిలిన దెబ్బ నేరుగా శ్లాబుకు పోతుంది. ఆ శ్లాబు మెదడుకూ కంటికీ ఉమ్మడిదని చెప్పాను. కాబట్టి అది చీలితే రెండు వాటాల వాళ్ళకూ ఇబ్బందే. ఇటువంటి పిల్లవాణ్ణి మెదడు వైద్యుడూ కంటి వైద్యుడూ ఇద్దరూ చూడాలి. చాలామందికి ఆపరేషన్ లేకుండానే మానుతుంది. అది దేవుడి దయ అనండి, పచ్చిపుల్ల గుణం అనండి.

కానీ కొన్ని చిక్కులున్నాయి. ఎముకకూ దాని పొరకూ మధ్య రక్తం చేరి కనుగుడ్డును ముందుకూ కిందికీ నెట్టవచ్చు. గూటిలో ఒత్తిడి మరీ పెరిగితే దృక్‌నాడికి రక్తం ఆగిపోతుంది. ఆ స్థితిలో గంటన్నర, రెండు గంటలు గడిస్తే చూపు మళ్ళీ రాకపోవచ్చు. తెల్లవారాక చూద్దాంలే అనుకోవడానికి వీల్లేని జబ్బు ఇది. మెదడు చుట్టూ ఉన్న పొరల్లో పైదాన్ని వరాశిక అంటారని మీరు పాఠంలో చదివారు. ఎముకతోపాటు అది కూడా చిరిగితే మెదడు చుట్టూ ఉండే నీరులాంటి ద్రవం ముక్కులోంచి చుక్కలు చుక్కలుగా కారవచ్చు. దాన్ని జలుబు అనుకుని ముక్కు చీదిస్తారు. చీదించకూడదు. కంటిగూడు పక్కన పగులు ఉన్నప్పుడు గట్టిగా చీదితే గాలీ, గాలితోపాటు సూక్ష్మజీవులూ గూటిలోకి దూరతాయి. మూడేళ్ళలోపు పిల్లల్లో మరొకటి ఉంది, చాలా అరుదు. చిరిగిన వరాశిక పగులులోకి చొచ్చుకుని, మెదడు కొట్టుకున్నప్పుడల్లా నెట్టుతూ ఆ పగులును అతుక్కోనివ్వక పెద్దది చేస్తుంది. వారాలు, నెలలు గడిచాక, పడ్డ సంగతి అందరూ మరిచిపోయాక, కన్ను కొంచెం కొంచెంగా ముందుకు వస్తుంది. అప్పుడు డాక్టరు, "ఎప్పుడైనా పడ్డాడా?" అని అడుగుతారు. తల్లి లేదంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు, పాపం. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంత చెప్పి మిమ్మల్ని భయపెట్టానేమో. భయం లేని సంగతి కూడా ఒకటి చెప్పాలి. నుదుటిమీద బొప్పి కట్టిన పిల్లవాడికి మర్నాడో రెండోనాడో కళ్ళ కింద నల్లగా, ఊదాగా దిగుతుంది. ఇల్లంతా గోలెత్తిపోతుంది. తల చర్మం కింద చేరిన రక్తం బరువుకి కిందికి జారి, వదులుగా ఉండే కంటిరెప్పల్లోకి వచ్చి ఆగుతుంది. నిలువుగోడమీద పోసిన నీళ్ళు గోడ అడుగుకు చేరినట్టే. పిల్లవాడు చలాకీగా ఆడుతుంటే, కన్ను అన్నివైపులా తిరుగుతుంటే, ఆ నలుపు పసుపురంగులోకి మారి దానంతట అది పోతుంది. బొప్పి ఏమీ లేకుండా రెండు కళ్ళ చుట్టూ నల్లటి వలయాలు వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు, అది కపాలం అడుగున పగిలిన గుర్తు కావచ్చు. చూశారా విచిత్రం! భయంకరంగా కనిపించే కన్ను తరచు క్షేమంగా ఉంటుంది. ఏమీ కానట్టు కనిపించేది బోనులో చిక్కుకుని ఉండవచ్చు. పసిపిల్లల విషయంలో పైకి కనిపించేదాన్ని నమ్మడానికి లేదు. పైగా వాళ్ళు చెప్పలేరు. రెండేళ్ళ పిల్ల "నాకు దీపం రెండుగా కనబడుతోంది" అంటుందా? ఒక కన్ను మూసుకుంటుంది, తల ఒక పక్కకు వంచుతుంది, గిన్నె అందుకోబోయి పక్కన చెయ్యి వేస్తుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఏడెనిమిదేళ్ళలోపు పిల్లల మెదడు రెండు బొమ్మలతో వేగలేక ఒక కన్ను పంపే బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. అలాగే వాచిన రెప్ప వారాల తరబడి ఒక కన్నును మూసి ఉంచినా పసిమెదడు ఆ కన్నును మరిచిపోతుంది. కన్ను బాగానే ఉంటుంది, చూపు మందగిస్తుంది. పెద్దలకు ఈ చిక్కు లేదు.

అందువల్ల నా వాదన ఇది. పసివాడు చెప్పలేడు, వాడి కన్ను నిజం చెప్పదు, అమ్మ అక్కడ లేదు. ఇక మిగిలిన సాక్షి ఎవరు? చూస్తూ ఉండమని అప్పగించిన పదకొండేళ్ళ అక్క, పన్నెండేళ్ళ అన్న. ఎంత ఎత్తునుంచి పడ్డాడు, ఏది తగిలింది, ఎక్కడ తగిలింది, వెంటనే ఏడ్చాడా, కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడా, ఎన్ని గంటలయింది? వీటికి జవాబు ఏ స్కాన్ యంత్రమూ చెప్పలేదు. ఆ ఏకైక సాక్షిని మనం ముందుగానే కొట్టి నోరు మూయిస్తున్నాం. ఒకసారి దెబ్బ తిన్న పిల్ల రెండోసారి నిజం చెబుతుందా? ఇది న్యాయం కాదు సరికదా, తెలివి కూడా కాదని నేనంటాను. పెద్దవాళ్ళమీద నా ఫిర్యాదు ఇదే, మీ ద్వారా వాళ్ళకు చేరవేస్తున్నాను. ఈ పేజీ మీ నాన్నగారికీ అమ్మగారికీ చదివి వినిపించండి.

పసిపిల్లను మరో పిల్లకు అప్పగించి పోవడమే తప్పు కదా అని మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు అన్నారు. తప్పే కావచ్చు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఆ తల్లి ఏం చేస్తుంది? ఆమెను నేను తప్పు పట్టను. అటువంటి ఇళ్ళు ఉన్నంతకాలం ఈ పాఠం మీకు చెప్పక తప్పదు. "ఇవన్నీ చెబితే పిల్లలు జడుసుకుంటారండీ" అని ఇంకొకరు అన్నారు. జడుసుకోవడం వేరు, ఏం చూడాలో తెలియడం వేరు. ఆ అమ్మాయి జడుసుకుంది కనుకనే రాత్రంతా ఊరుకుంది. బల్లిని చూపించి కన్ను కదలడం లేదని కనిపెట్టింది కనుకనే నా దగ్గరికి వచ్చింది.

మీరు చూడవలసింది కూడా ఆ బల్లి పరీక్షలాంటిదే. తల కదలకుండా చేత్తో మెల్లగా పట్టుకుని, గిలక్కాయో తాళంచెవో కంటిముందు పైకి, కిందికి, ఆ పక్కకు, ఈ పక్కకు కదపండి. రెండు కళ్ళూ దాని వెంట సమానంగా పోవాలి. ఒకటి ఆగిపోయినా, పైకి చూడమంటే నొప్పితో ఏడ్చినా, వాంతులు తగ్గకపోయినా, మత్తుగా తూగుతున్నా, ఫిట్స్ వచ్చినా, కన్ను ముందుకు పొడుచుకు వచ్చినా, చూపు మసకబారిందన్నా, కంటిపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నా, ముక్కులోంచి నీరు కారుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయడానికి పెద్దవాళ్ళ అనుమతి అక్కర్లేదు. కంటిలో చనుబాలు, ఆముదం పోయనివ్వకండి. గాయం మీద కాఫీపొడి అద్దనివ్వకండి. బొప్పిని రూపాయి బిళ్ళతో రుద్ది అణచడం మా అమ్మమ్మ కూడా చేసేది. ప్రేమతోనే చేసేది, కానీ కింద పగులు ఉంటే అది హాని. చల్లటి నీళ్ళలో పిండిన గుడ్డను నుదుటిమీద తేలికగా వేయవచ్చు, కనుగుడ్డు మీద బరువు పడకూడదు. ఆ రాత్రికే కాదు, తరవాత రెండు మూడు వారాలు కూడా ఆ కన్నుమీద ఓ కన్నేసి ఉంచండి.

పడకుండా చూసే సంగతి ఎంతో ఉంది, రెండే మాటలు చెబుతాను. మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీద పిల్లవాణ్ణి ముద్దుగా కూర్చోబెట్టుకుంటారు. బ్రేకు వేయగానే వాడి నుదురు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. శ్లాబు సంగతి చెప్పాను కదా. చట్టంలో 2019 సవరణ ప్రకారం నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళలోపు పిల్లలకు హెల్మెట్, బండి నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు మించకూడదనీ కేంద్రప్రభుత్వం 2022లో పెట్టిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. మీ ఊళ్ళో ఎన్ని బండ్లమీద ఆ పట్టీ చూశారో మీరే లెక్కపెట్టండి. రెండోది, చక్రాల వాకరు. నడక వస్తుందని కొంటారు, పిల్ల దానితో సహా మెట్లమీదనుంచి దొర్లుతుంది. కెనడాలో 2004లోనే దాని అమ్మకం నిషేధించారు. మన దగ్గర పుట్టినరోజు కానుకగా ఇస్తున్నాం.

ఆ కుర్రవాడి సంగతి మిగిలింది. ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లికి నేను చెప్పడం పూర్తికాకముందే ఆ పిల్ల చెంప ఛెళ్ళుమంది. నేను అడ్డం పడ్డాను. పట్నంలో ఆస్పత్రికి వెళ్ళేసరికి రాత్రయింది. అక్కడి డాక్టరమ్మ పిల్లవాడి కళ్ళను నాలుగువైపులా తిప్పించి చూసి, "ఎన్నింటికి పడ్డాడు?" అని అడిగింది. తల్లి నా వంక చూసింది, నేను ఆ అమ్మాయి వంక చూశాను. "నిన్న అయిదున్నరకండి. కుళాయి వదిలే టైము. ఈ కంటి కింద, గట్టు అంచు తగిలింది. వెంటనే ఏడ్చాడు. మొదటి వాంతి అన్నం ముందు పెట్టినప్పుడు" అంది. డాక్టరమ్మ రాసుకుని, స్కాన్ కాగితంమీద కంటిగూళ్ళు అని ప్రత్యేకంగా రాసింది. మూడోరోజు ఆపరేషన్ చేశారు. వాంతులు ఆ రోజే ఆగిపోయాయి.

ఒక రోజు ముందు తెలిసి ఉంటే ఎలా ఉండేదని తల్లి అడిగితే డాక్టరమ్మ ఏమీ అనలేదు. ఇప్పుడు వాడు మా బడిలోనే చదువుతున్నాడు. నేరుగా చూస్తే ఏ తేడా లేదు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేటప్పుడు మాత్రం అందరిలా కళ్ళెత్తి చూడడు, తలను వెనక్కి బాగా వంచి చూస్తాడు. కళ్ళు మాత్రమే ఎత్తితే గాలిపటాలు రెండు కనిపిస్తాయట.